అర్ధరాత్రి దగ్గు, ఒక్క డోసు మందు

పగలంతా ముక్కు కారుతున్నా ఆడుకుంటూనే ఉన్న రెండేళ్ల పిల్లాడు, అర్ధరాత్రి ఉన్నట్టుండి లేచి ఖంగుఖంగుమని దగ్గుతాడు. అచ్చం కుక్క మొరిగినట్టే ఉంటుంది ఆ దగ్గు. గొంతు బొంగురుపోతుంది, గాలి పీల్చినప్పుడల్లా కీచుమని శబ్దం. పిల్లల డాక్టర్లు దీన్ని క్రూప్ అంటారు. చాలాసార్లు పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ పని ఇది. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లోనే ఎక్కువ.

ఉబ్బసంలో పిల్లికూతలు ముఖ్యంగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి, అవి ఛాతీలోని సన్న గొట్టాలవి. ఈ కీచు పీల్చేటప్పుడు వస్తుంది. అంటే అడ్డు పైనే ఉంది, స్వరపేటిక దిగువన శ్వాసనాళం మొదలయ్యే చోట. అక్కడ మృదులాస్థి ఉంగరంలా చుట్టూ బిగిసి ఉంటుంది కాబట్టి వాపు లోపలికే పెరగాలి. 4 మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా దారి పావు వంతే మిగులుతుంది. గాలి నెమ్మదిగా పారినా అడ్డు 16 రెట్లవుతుంది. ఏడిస్తే ఇంకా ఎక్కువ. అందుకే పిల్లాణ్ని అమ్మ ఒడిలోనే ఉంచి చూస్తారు.

మనవాళ్లు ముందు ఆవిరి పడతారు. దానితో ఉపయోగం ఉన్నట్టు పరీక్షల్లో తేలలేదు, వేడినీళ్లు ఒలికితే ఒళ్లు కాలుతుంది. తర్వాత యాంటీబయాటిక్ అడుగుతారు, అది వైరస్‌ను ఏమీ చేయదు. పనిచేసే మందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, సాధారణంగా నోట్లో పోసే ఒక్క డోసు. కొన్ని గంటల్లో వాపు తీస్తుంది. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడేవాళ్లే, అక్కర్లేని యాంటీబయాటిక్‌ను మాత్రం నిశ్చింతగా మింగించడం నాకు వింతే.

పిల్లాడు డొక్కలు ఎగరేస్తున్నా, ఊరికే కూర్చున్నప్పుడూ కీచు వినిపిస్తున్నా, పెదాలు నీలంగా మారినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ అడ్రినలిన్ నెబ్యులైజర్‌తో పెడితే నిమిషాల్లో తేలికపడతాడు. దాని బలం సుమారు రెండు గంటలే. "తగ్గిందిగా, ఇంటికెళ్తాం" అని తొందరపెట్టకండి.

జ్వరం కాలిపోతూ, పిల్లాడు వాడిపోయి, ఈ మందులకు లొంగకపోతే బాక్టీరియాను అనుమానిస్తారు. తరచుగా స్టాఫిలోకాకస్ ఆరియస్. నాళంలో చిక్కటి చీము పేరుకుంటుంది. అప్పుడు ఐసీయూ కావాలి, నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించాలి, చాలామందికి శ్వాస గొట్టం కూడా వేయాల్సి వస్తుంది.

కంఠసర్పి (డిఫ్తీరియా) కూడా ఇదే దారిని మూసేస్తుంది. దానికి టీకా ఉంది: 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 16-24 నెలల మధ్య, మళ్లీ 5-6 ఏళ్లకు డీపీటీ బూస్టర్లు. మొదటి మూడూ వేయించి బూస్టర్లు మర్చిపోయే ఇళ్లూ ఉన్నాయి.