బొమ్మలో చిక్కుకున్న అంకెలు

తిరుపతిలో పరిశోధన చేసే విద్యార్థులకు బాగా తెలిసిన ఇబ్బంది ఒకటుంది. పాత వ్యాసంలో కావలసిన గ్రాఫ్ కనిపిస్తుంది, దాన్ని గీయడానికి వాడిన అంకెల పట్టిక మాత్రం ఎక్కడా ఉండదు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనైనా, 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్య, పరిశోధన సంస్థ)లలోనైనా పాత ఫలితాలతో పోల్చి చూడనిదే కొత్త పని ముందుకు సాగదు.

దీని మూలాలు అచ్చు పద్ధతిలో ఉన్నాయి. 1786లో స్కాట్లాండ్ ఇంజనీరు విలియం ప్లేఫెయిర్ వాణిజ్య లెక్కలను గీతలుగా చూపించాడు. తర్వాత శాస్త్రజ్ఞులూ ఆ దారి పట్టారు. పత్రికల్లో పేజీలు పరిమితం కాబట్టి వందల అంకెల పట్టిక పోయి చిన్న బొమ్మ మిగిలింది. రచయిత నోటు పుస్తకం పోతే ఆ అంకెలకు బొమ్మే దిక్కు.

వాటిని తిరిగి రాబట్టడానికి చాలాకాలం స్కేలు, పెన్సిలు, గళ్ల కాగితమే ఆధారం. వక్రరేఖ కింది వైశాల్యం కావాలంటే ఆ భాగాన్ని కత్తిరించి తూకం వేసినవారూ ఉన్నారు. స్కానర్లు వచ్చాక పని కంప్యూటర్ మీదికి మారింది. గ్రాఫ్ బొమ్మ నుంచి అంకెలు రాబట్టే డేటాథీఫ్, ఎంగేజ్ డిజిటైజర్ వంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2010లో అంకిత్ రోహత్గి విడుదల చేసిన వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ బ్రౌజర్‌లోనే ఉచితంగా పనిచేయడంతో సాఫ్ట్‌వేర్ కొనలేని విద్యార్థికీ ఈ సౌకర్యం అందింది. ఇది నిజంగా గొప్ప మేలు.

పని తీరు సులభమే. అక్షాల మీద విలువ తెలిసిన బిందువులను గుర్తించి, ఆ విలువలు టైపు చేయాలి. తర్వాత గీత మీద ఎక్కడ నొక్కినా అక్కడి పిక్సెల్ (తెర మీది బొమ్మలోని అతి చిన్న చుక్క) స్థానం అంకెగా మారుతుంది. జాగ్రత్త పడవలసింది ఇక్కడే. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో ఉన్న గాదంకిలోని వాతావరణ పరిశోధన రాడార్ (ఎంఎస్‌టీ రాడార్) వివిధ ఎత్తుల్లో గాలి వేగాన్ని కొలుస్తుంది. అలాంటి గ్రాఫుల్లో ఎత్తును నిలువు అక్షం మీద చూపడం ఆనవాయితీ. 20 కిలోమీటర్ల ఎత్తు 400 పిక్సెళ్లలో ఇమిడితే ఒక్క పిక్సెల్ అంటే 50 మీటర్లు. అక్షం మీద గాలి పీడనం లాగరిథమిక్ స్కేలులో, అంటే సమాన దూరాలకు విలువ పదేసి రెట్లు మారేలా ఉంటే పొరపాటు ఇంకా పెద్దది. 1000, 100 హెక్టాపాస్కళ్లకు (పీడనం కొలిచే ప్రమాణం) సరిగ్గా నడుమనున్న బిందువు విలువ సుమారు 316. లాగరిథమిక్ స్కేలు అని ఎంచుకోవడం మరచిపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని 550గా చూపుతుంది. ఒకదానిపై ఒకటి పడిన చుక్కలను విడదీయడం మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కష్టమే. పీడీఎఫ్‌లో గ్రాఫ్ ఫొటోగా కాక వెక్టర్ రూపంలో (గీతలు, బిందువుల స్థానాలుగా దాచినది) ఉంటే అదృష్టమే, బిందువుల స్థానాలు దాదాపు యథాతథంగా దొరుకుతాయి.

ఇలా రాబట్టిన అంకెలను అసలు కొలతల్లాగా రాయడం తప్పు. ఏ వ్యాసంలోని ఎన్నో బొమ్మ, ఏ సాఫ్ట్‌వేర్, ఎంత పొరపాటు ఉండవచ్చు అన్నది రాసి తీరాలి. ఇప్పుడు చాలా పత్రికలు మూల దత్తాంశాన్ని కూడా జతచేయమంటున్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో సమర్పించే ప్రతి సిద్ధాంత గ్రంథంతోపాటు, గ్రాఫుల వెనుక ఉన్న పట్టికలను కూడా సాదా ఫైలుగా తీసుకునే నిబంధన వెంటనే పెట్టాలి.