మండలం వాన, మన ఊరి వాన

2023 జూలై 27 పొద్దున 8.30కి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల వాన 649.8 మిల్లీమీటర్లు అని తేలింది. అప్పటిదాకా రాష్ట్రంలో రికార్డు 2013 జూలైలో వాజేడులో కురిసిన 517.5. అదే తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచింది. జనం డాబాలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. లక్ష్మీదేవిపేటలో వాన, వేడి వాటంతటవే కొలిచే ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్ ఉంది కాబట్టి ఆ అంకె మనకు దక్కింది. స్టేషన్ లేని పక్క ఊళ్లలో ఎంత కురిసిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఇంటి మీద సొంతంగా వాతావరణ స్టేషన్ పెట్టుకుని, ఆ లెక్కను నెట్‌లో నలుగురితో పంచుకోవడం ఎందుకు మొదలైందో తెలియాలంటే ఈ వెలితి నుంచే చూడాలి.

వాన లెక్క చాలాకాలం సర్కారు చేతిలోనే ఉంది. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. తహసీలు ఆఫీసు ఆవరణలో వాన కొలిచే రెయిన్‌గేజ్, పొద్దున 8.30కి కొలత, రిజిస్టర్‌లో ఒక గీత. తర్వాత రాష్ట్ర ప్రణాళికా సొసైటీ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు వెయ్యి దాటాయి. అది చిన్న మేలు కాదు. అయినా వానకాలంలో ఏ ఊరికి పోయినా ఒకటే మాట: "మండలంల వడ్డది, మా చెల్కల చుక్క వడలే." దాని వెనక డబ్బు కూడా ఉంది. వాతావరణ ఆధారిత పంట బీమాలో మిర్చి రైతుకు పరిహారం తేల్చింది అతని చెల్కలో పడ్డ వాన కాదు, నోటిఫై చేసిన స్టేషన్ లెక్క. 2020 వానకాలంలో రాష్ట్రం కేంద్ర బీమా పథకంలోంచి బయటికొచ్చింది, కానీ ఆ అపనమ్మకం పోలేదు.

ఇదే బాధ అమెరికాలో ఒక ఊరిని కదిలించింది. 1997 జూలై 28న కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఊరికి ఒక పక్క 14 అంగుళాలకు పైగా వాన పడితే మరో పక్క రెండంగుళాలు కూడా పడలేదు. వరదలో అయిదుగురు చనిపోయారు. మరుసటి ఏడాది నోలన్ డోస్కెన్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఇళ్లవాళ్ల చేత మామూలు ప్లాస్టిక్ గేజులు పెట్టించి లెక్కలు పోగుచేశాడు. అలా పుట్టిందే కోకోరాస్ అనే జనం వాన లెక్కల బృందం. అటు సరదాగా సొంత రేడియోలో సందేశాలు పంపుకునే హామ్ రేడియో వాళ్లు తమ స్టేషన్ల కొలతలను గాలిలో పంపుకుంటూ ఇంకో దారి వేశారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 1995లో కంపెనీ అయిన వెదర్ అండర్‌గ్రౌండ్ ఇళ్ల స్టేషన్లను ఒక మ్యాపు మీదికి తెచ్చింది. 2011లో బ్రిటన్ వాతావరణ శాఖ స్వయంగా ప్రజల లెక్కలకు వేదిక కట్టింది.

నన్ను కలవరపెట్టేది తర్వాతి కథ. వెదర్ అండర్‌గ్రౌండ్ 2012లో వెదర్ చానల్‌కు, 2016లో ఐబీఎంకు చేరింది. ఎవరైనా ఉచితంగా డేటా తీసుకునే దారి 2018 చివర మూతపడింది. స్టేషన్ ఉన్నవాళ్లకు మాత్రం పరిమితంగా మిగిలింది. జనం ఇచ్చిన లెక్క జనానికి ఎప్పటికీ అందుబాటులో ఉంటుందన్న హామీ లేదన్నమాట. అందుకే పంపిన ప్రతి అంకెకూ ఒక నకలు మన దగ్గర ఉండాలంటాను.

పంచే ముందు లెక్క సరిగ్గా ఉండాలి కదా. హనుమకొండలో మా డాబా మీది స్టేషన్ కిందటి వానకాలం జోరువానలో సున్నా చూపించింది. విప్పి చూస్తే గరాటు గొంతులో కందిరీగ మట్టిగూడు. ఆ గరాటు కింద చిన్న దొప్ప ఉంటుంది. అది నిండి ఒరిగిన ప్రతిసారీ 0.2 మిల్లీమీటర్లు లెక్కకు ఎక్కుతాయి. గొంతు పూడితే దొప్ప కదలదు. కుండపోతలో ఒరిగే లోపే నీళ్లు పొర్లి లెక్క తగ్గుతుంది. ఇక వేడి సంగతి: ఎండకు కాగిన స్లాబుకు దగ్గరగా థర్మామీటర్ పెడితే అది చెప్పేది గాలి వేడి కాదు, సిమెంటు వేడి.

ఇప్పుడు పక్కనే చేత్తో కొలిచే ప్లాస్టిక్ గేజ్ కూడా పెట్టాను. పొద్దున 8.30కి చూసి నోటుబుక్కులో రాస్తాను. రెండింటికీ బాగా తేడా వచ్చిన రోజు స్టేషన్ గరాటు విప్పుతాను, ఆ రోజు అంకె పక్కన ఎందుకు తేడా వచ్చిందో కూడా రాసి పంపుతాను.