కొత్తిమీర కట్టకూ అదే ఎంట్రీ

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు కుర్రాడు మొన్న అడిగాడు: "అన్నా, పది జీబీ సినిమా ఆఫీసు సర్వర్‌కి చకచకా వెళ్లిపోయింది. అంతే సైజున్న ఫొటోల ఫోల్డరేమో గంట నుంచి కదులుతూనే ఉంది. ఎందుకిలా?"

జవాబు మా గేటు దగ్గరే ఉంది. సాయంత్రం ఏడైతే డెలివరీ వాళ్లు బారులు తీరతారు. ఒక్కొక్కరూ ఆగాలి, రిజిస్టర్‌లో పేరు, ఫ్లాట్ నంబరు రాయాలి, వాచ్‌మన్ ఇంటర్‌కామ్ కొట్టి అడగాలి. తెచ్చింది కొత్తిమీర కట్టైనా, పాతిక కిలోల సోనామసూరి బస్తా అయినా ఈ తంతు ఒక్కటే. బరువును బట్టి మారేది పైకి మోసే శ్రమ.

నెట్‌వర్క్ మీద ఒక్కో ఫైలు పంపడానికి ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టే ఖర్చూ (అంటే పట్టే సమయం) అంతే: ఖర్చు = ఎ + బి × బైట్లు. 'ఎ' ఎంట్రీ, 'బి' మోత. సైజు పెంచుకుంటూ సమయం కొలిచి గ్రాఫ్ గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. అది నిలువు అక్షాన్ని తాకే చోటు 'ఎ', దాని వాలు 'బి'. నెట్‌వర్క్ పాఠంలో ఏడు లేయర్ల (అంచెల) పేర్లు బట్టీ పట్టించే కాలేజీలు ఈ ఒక్క గ్రాఫ్ పిల్లల చేత గీయిస్తే ఎంత బాగుండు! ఫొటోలన్నీ ఒకే జిప్‌గా కట్టి పంపమన్నాను. ఫొటోల సైజు పెద్దగా తగ్గదు, ఫొటోకొకటి చొప్పున పడే ఎంట్రీలు తగ్గుతాయి.

వైరు మీద డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. ఆ స్థాయికి దిగితే 'ఎ' ఇంకా భయపెడుతుంది. 10 గిగాబిట్ ఈథర్‌నెట్‌లో అతి చిన్న ఫ్రేము (వైరు మీదికెక్కే ప్యాకెట్) 64 బైట్లు. ముందుండే గుర్తు బైట్లూ, వెనక వదిలే ఖాళీ కలిపితే వైరు మీద 84. అంటే సెకనుకు కోటీ 48 లక్షల ప్యాకెట్లు, ఒక్కోదానికి 67 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అవి 200 క్లాక్ సైకిళ్లు, అంటే గడియారపు టిక్కులు. మెయిన్ మెమరీ దాకా ఒక్కసారి వెళ్లొస్తేనే ఇంచుమించు అంత అయిపోతుంది. అదే 1500 బైట్ల ప్యాకెట్లైతే 1,230 నానోసెకన్ల వ్యవధి ఉంటుంది.

ఇక ఇంటర్‌కామ్ సంగతి. ప్యాకెట్ వచ్చిందని నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌ని పిలవడమే అది, దాన్ని ఇంటరప్ట్ అంటారు. ఫ్లాట్‌లో వంట చేసుకుంటున్న మనిషి ప్రాసెసర్. గంట మోగిన ప్రతిసారీ స్టవ్ తగ్గించి, వెళ్లి, "పంపించండి" అని రావాలి. గంటలు మరీ ఎక్కువైతే పలకడంతోనే సరిపోతుంది. సంచి విప్పే తీరికా ఉండదు, వంటా సాగదు. ఈ స్థితిని రిసీవ్ లైవ్‌లాక్ అంటారు. జెఫ్రీ మోగుల్, కె.కె. రామకృష్ణన్ 1996లో దీనికి విరుగుడు చూపించారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్యాకెట్లు అందుకునే న్యాపీ (NAPI) అనే ఏర్పాటు చేసేదీ అలాంటి పనే: మొదటి గంటకు పలికి, ఇంటర్‌కామ్ తీసి పక్కన పెట్టి, తనే గేటు దగ్గరికి దిగుతుంది. ఒక్కో విడతకు మామూలుగా 64 ప్యాకెట్ల దాకా తీసుకుంటుంది. గేటు దగ్గర ఎవరూ లేరని చూసుకున్నాకే ఇంటర్‌కామ్‌ను మళ్లీ దాని చోట పెడుతుంది.