గండుచీమ: ఒకే బారులో చిన్నతల, పెద్దతల

వేసవిలో ఎండ తగ్గాక విజయవాడలో ఏలూరు కాలవ గట్టున వేపచెట్ల మొదళ్లు చూడండి. నల్లగా బారులు తీరి ఎక్కిదిగే పెద్ద చీమలు గండుచీమలు. 1787లో డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ వర్ణించిన ఈ జాతి నేటి శాస్త్రీయ నామం కాంపోనోటస్ కంప్రెస్సస్.

ఒకే బారులో సన్నటి చీమలూ ఉంటాయి, వాటికి రెట్టింపు ఒళ్లుతో పెద్ద తలకాయ చీమలూ ఉంటాయి. ఇవి వేర్వేరు రకాలనీ, పెద్దవి మగవనీ అనుకుంటారు. కాదు, అన్నీ ఆడవే, ఒకే పుట్ట పనిచీమలు. పెద్దతల నిండా దవడల కండరాలే. మగవాటికి రెక్కలుంటాయి, జతకట్టాక చచ్చిపోతాయి. కొత్త రాణి రెక్కలు రాల్చుకుని మట్టిలో దాక్కుంటుంది. రెక్కల కండరాలు కరిగించుకుని తొలి పిల్లల్ని సాకుతుంది. అవన్నీ చిన్నవే. పుట్ట బలపడ్డాకే పెద్దతలలు పుడతాయి.

గుర్తుపట్టాలంటే పక్కనుంచి దగ్గరగా ఫొటో తీసి నడుం చూడండి. ఒకటే కణుపు. వీపు విరుపు లేకుండా గుండ్రంగా వంగుతుంది. కొండి ఉండదు. దవడలతో పట్టి, పొట్ట చివరి రంధ్రంలోంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. మంట దానిదే. చక్కెర డబ్బా చుట్టూ అడ్డదిడ్డంగా పరిగెత్తే చిట్టి నల్లచీమ వేరే జాతి.

నాకు అన్నిటికన్నా ఇష్టం దీని పాడి. గుంటూరు వైపు పత్తిచేలో పేనుబంక, అంటే రసం పీల్చే చిట్టి పురుగులు, పట్టిన ఆకు దగ్గర కాసేపు నిలబడండి. చీమ మీసాలతో పురుగు వీపు తడుముతుంది. వెనక తీపి బొట్టు ఊరుతుంది, తాగేస్తుంది. తాగేకొద్దీ పొట్ట ఉబ్బి, నల్ల పలకలు ఎడమై, మధ్యలో లేత చారలు బయటపడతాయి. పుట్టకెళ్లి నోటితో నోటికి పంచుతుంది. బదులుగా పేనుబంకను తినొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తుంది. కాబట్టి మందార మొక్కకు చీమలు పట్టాయని మందు చల్లేముందు ఆకు తిరగేయండి. రసం పీల్చేది పేనుబంకో, పిండినల్లో అయ్యుంటుంది, చీమ కాదు.

తీపినీళ్లలో మాంసకృత్తులు బహు తక్కువ. ఆ లోటు తీర్చేది చీమ పేగు గోడలో కాపురముండే బ్లోక్‌మానియా అనే బాక్టీరియా. 1880లలో జర్మన్ శాస్త్రవేత్త బ్లోక్‌మాన్ గండుచీమల బంధువుల్లో దీన్ని చూశాడు. మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లాల్లో చీమకు అవసరమైనవి ఇదే తయారుచేస్తుంది, గుడ్డులోనే తల్లి నుంచి పిల్లకు చేరుతుంది.