గ్రిల్ గార్డు బిగించాక పికప్ ఇంజిన్ వణుకుతోందా? అపోహలు – వాస్తవాలు

టెక్సాస్‌లో పికప్ ట్రక్కు ముందు భాగానికి ఉక్కు గొట్టాల గ్రిల్ గార్డు బిగించుకోవడం సర్వసాధారణం. ఊరు దాటితే చాలు, చీకటి పడ్డాక రోడ్డు మీదికి దూకే జింకల భయం ఉంటుంది. జింక తగిలితే రేడియేటరూ హెడ్‌లైట్లూ ఒక్క దెబ్బతో పోతాయి. హ్యూస్టన్ పరిసరాల్లో పికప్ ఇంజిన్ల మరమ్మతు నా వృత్తి. కేటీ, షుగర్‌ల్యాండ్ వైపు స్థిరపడిన మన తెలుగువారిలో ట్రెయిలరో పడవో లాగడానికి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న పికప్ కొనుక్కున్నవారు చాలామందే ఉన్నారు. వారి నుంచి తరచుగా వినే ఫిర్యాదు ఒకటుంది: గార్డు పెట్టించిన కొద్ది వారాలకే ఇంజిన్ వణకడం మొదలైందని, ముందు వాహనాన్ని దాటబోతే బండికి ఒక్కసారిగా శక్తి పడిపోయిందని. ఈ ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి గార్డుతో సంబంధం ఉండదు. నిజంగా సంబంధం ఉన్న చోట మాత్రం ఎవరూ అటువైపు చూడరు. అందుకే ఈ విషయాన్ని వివరంగా రాస్తున్నాను.

అపోహ: గార్డు గాలిని అడ్డుకుంటుంది కాబట్టే తడి వాతావరణంలో ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతుంది, అంటే సిలిండర్లలో ఇంధనం సరిగా అంటుకోదు.

అన్నిటికంటే బలంగా నాటుకుపోయిన అపోహ ఇదే. దీనికి మూలం ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో 2011 మోడల్‌తో వచ్చిన 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజిన్ చరిత్రలో ఉంది. రెండు టర్బోలతో 365 హార్స్‌పవర్ ఇచ్చే ఆ వీ6 పెట్రోల్ ఇంజిన్ అప్పట్లో వీ8 ఇంజిన్లతో పోటీపడి బాగా అమ్ముడైంది. తేమగా ఉన్న రోజుల్లో హైవే మీద చాలాసేపు ఒకే వేగంతో నడిపి, తర్వాత ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వణికి శక్తి కోల్పోతోందని యజమానులు ఫిర్యాదు చేశారు. 2013లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ దీనిపై ప్రాథమిక విచారణ కూడా ప్రారంభించింది. ఏ గార్డూ లేని బండ్లలోనూ ఈ లక్షణం కనిపించింది.

కారణం ఇంటర్‌కూలర్‌లో చేరే నీరు. టర్బో గాలిని నొక్కినప్పుడు అది విపరీతంగా వేడెక్కుతుంది. బయట 30 డిగ్రీల సెల్సియస్ ఉన్న గాలిని 1.8 రెట్ల పీడనానికి నొక్కితే దాని ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలచగా ఉంటుంది కనుక ఇంజిన్‌లోకి పంపే ముందు దాన్ని ఇంటర్‌కూలర్‌లో చల్లబరుస్తారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 80 శాతం తేమ ఉన్న రోజున, అంటే మా గల్ఫ్ తీరంలో మామూలు రోజున, ప్రతి ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని యథాతథంగా చల్లబరిస్తే 26 డిగ్రీల దగ్గర నీరు బయటపడుతుంది. అదే గాలిని 1.8 రెట్లు నొక్కితే అందులోని ఆవిరి కూడా అంతే నిష్పత్తిలో చిక్కబడి, 36 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలవుతుంది. చల్లటి మజ్జిగ చెంబుకు వెలుపల చెమ్మ పట్టినట్లుగానే ఇంటర్‌కూలర్ గొట్టాల లోపలి గోడలకు చెమ్మ పడుతుంది.

హైవే మీద నిలకడగా వెళ్తున్నప్పుడు బూస్ట్, అంటే టర్బో ఇచ్చే అదనపు గాలి పీడనం, తక్కువగా ఉంటుంది, ఇంజిన్ పీల్చే గాలి కూడా తక్కువే. బయటి నుంచి ఇంటర్‌కూలర్‌ను తాకే గాలి మాత్రం పుష్కలంగా ఉంటుంది. కాబట్టి లోపలి గాలి దాదాపు బయటి ఉష్ణోగ్రతకే దిగివస్తుంది, అందులోని నీరు ఇంటర్‌కూలర్ అడుగున కొద్దికొద్దిగా చేరుతుంది. దాన్ని ఊడ్చుకుపోయేంత వేగం లోపలి గాలికి ఉండదు. ముందు లారీని దాటడానికి మీరు గట్టిగా తొక్కగానే గాలి వేగం అనేక రెట్లు పెరిగి, అడుగున ఉన్న నీరంతా ఒక్కసారిగా సిలిండర్లలోకి పోతుంది. స్పార్క్ ఆరిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేయకుండా కంప్యూటర్ ఆ సిలిండర్లకు ఇంధనం ఆపివేస్తుంది. ఎదురుగా వాహనం వస్తున్న రెండు వరుసల రోడ్డు మీద, సరిగ్గా శక్తి కావలసిన క్షణంలో అది పోతుందంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు గార్డు సంగతి చూడండి. గార్డు నిజంగానే ఇంటర్‌కూలర్‌కు గాలి తగ్గిస్తోందని అనుకుందాం. అప్పుడు లోపలి గాలి అంతగా చల్లబడదు, నీరు చేరడం తగ్గుతుందే తప్ప పెరగదు. ఫోర్డ్ తన డీలర్లకు పంపిన సర్వీస్ సూచనల్లో కొత్త సాఫ్ట్‌వేర్, మార్చిన ఇంటర్‌కూలర్‌తో పాటు, ఇంటర్‌కూలర్ మీదికి వచ్చే గాలిని కొంత మళ్లించే ఒక పలక కూడా ఉంది. తయారీదారు గాలిని తగ్గించి నయం చేయబోయిన లక్షణానికి, గాలి తగ్గిందన్న కారణంతోనే గార్డును తప్పుపట్టడం తలకిందుల తర్కం అవుతుంది.

మరి గార్డు పెట్టించిన తర్వాతే ఎందుకు మొదలైందని అడుగుతారు. ఇక్కడ జింకల సాధారణ (తుపాకీ) వేట కాలం నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. జింకలు ఎక్కువగా తిరిగేదీ, రోడ్ల మీద తగిలేదీ ఆ రోజుల్లోనే, కాబట్టి చాలామంది అంతకు కొంచెం ముందు గార్డు బిగించుకుంటారు. సరిగ్గా అప్పుడే మా ప్రాంతంలో చల్లని వానలు, పొద్దుటి పొగమంచు మొదలవుతాయి. రెండూ ఒకే కాలంలో రావడమే తప్ప ఒకదానికి మరొకటి కారణం కాదు.

నేను పరీక్షించే పద్ధతి చెబుతాను. అలాంటి బండి వస్తే గార్డు జోలికి పోకుండా ముందుగా ఇంటర్‌కూలర్ దిగువ హోస్ విప్పి, కింద శుభ్రమైన పళ్లెం పెడతాను. వానలో వచ్చిన ఒక పికప్ నుంచి పాలు ఎక్కువైన టీ రంగులో, నూనె కలిసిన నీరు ధారగా దిగింది. కొద్దిపాటి నూనె చెమ్మ టర్బో ఇంజిన్లకు మామూలే, అందులో నూనెతో కలిసి తెల్లబడిన నీరు ఉందా అన్నదే చూడవలసింది. ఆ తర్వాత స్పార్క్ ప్లగ్‌లు తీసి చూస్తాను. గ్యాప్ అరిగి పెరిగిపోయిన ప్లగ్ బూస్ట్‌లో ఉన్న దట్టమైన గాలిలో నిప్పురవ్వను నిలబెట్టలేదు. కాస్త తేమ తగిలినా ఆరిపోతుంది. ప్లగ్‌లు కొత్తవి వేయగానే లక్షణం పూర్తిగా పోయిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

అపోహ: అయితే గార్డు వల్ల ఇంజిన్‌కు ఏ హానీ లేదు.

ఇదీ నిజం కాదు. వెడల్పైన ఖాళీలతో ఉన్న గుండ్రటి గొట్టాల వెనక గాలి మళ్లీ కలుసుకుని రేడియేటర్‌కు చేరుతుంది. ట్రెయిలర్ లేకుండా తిరిగే బండికి ఆ తేడా లెక్కలోకి రాదు. అమెరికా ఉత్తరాది చలి రాష్ట్రాల్లో డీజిల్ పికప్‌ల గ్రిల్‌కు గుడ్డ తొడుగులే వేసి నడుపుతారు. 2015 ఎఫ్-150కి గ్రిల్ వెనక తమంతట తామే మూసుకునే రెక్కలు అమర్చారు. చల్లబరచడం అవసరం లేనప్పుడు గాలిని ఆపడం ఇంజనీర్లు స్వయంగా చేస్తున్న పనే.

బరువైన ట్రెయిలర్ కట్టుకుని, 40 డిగ్రీల ఎండలో, ఎత్తు ఎక్కుతున్నప్పుడు లెక్క మారిపోతుంది. ఎఫ్-150లో ఇంటర్‌కూలర్ పై గ్రిల్ వెనక ఉండదు, బంపర్ మధ్యలోని దిగువ సందు వెనక ఉంటుంది. కాబట్టి ఆ దిగువ సందు ముందు ఏం వచ్చిందో చూడాలి. గొట్టాలు కొంతవరకు ఫరవాలేదు. చిల్లుల రేకు, దోమతెర లాంటి సన్నని జాలీ, వరసగా బిగించిన ఎల్ఈడీ లైట్లు, అన్నిటికంటే ముఖ్యంగా వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) వచ్చి కూర్చుంటే ఇంటర్‌కూలర్‌కు ఊపిరాడదు. మా గల్ఫ్ తీరంలో ఏడాదికి రెండుసార్లు గుంపులుగా వచ్చే లవ్‌బగ్స్ అనే పురుగులు ఆ జాలీకి అతుక్కుంటే మిగిలిన దారి కూడా మూసుకుపోతుంది.

ఈ లక్షణం వేరుగా ఉంటుంది. నీటి వల్ల వచ్చే వణుకు ఠక్కున వచ్చి కాసేపట్లో పోతుంది. వేడి వల్ల వచ్చే బలహీనత మాత్రం వణుకు లేకుండా, ఎక్కేకొద్దీ మెల్లగా కమ్ముకుంటుంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 3 శాతం పడిపోతుంది. దానికి తోడు నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి జరిపి, బూస్ట్‌ను తగ్గిస్తుంది. మీ పికప్‌లో ఈ వేడికి గార్డే కారణమా అన్నది స్కానర్ (బండి కంప్యూటర్ కొలతలను చదివే పరికరం) తేలుస్తుంది. ఇంటర్‌కూలర్ దాటిన గాలి ఉష్ణోగ్రతలో నుంచి బయటి ఉష్ణోగ్రతను తీసివేయండి. అదే ట్రెయిలర్‌తో, అదే రోడ్డు మీద, దాదాపు అదే వాతావరణంలో గార్డు ఉన్నప్పుడూ తీసేసినప్పుడూ ఆ తేడాను నమోదు చేయండి. తేడా ఒకేలా ఉంటే గార్డుది తప్పు కాదు. స్పష్టంగా పెరిగితే గార్డుదో, దానికి తగిలించిన వస్తువుదో తప్పు. ఇంతకు మించిన రుజువు మరొకటి అక్కర్లేదు.

అపోహ: గార్డు మంచిదైతే చాలు, ఎవరు బిగించినా ఒకటే.

నా అనుభవంలో గార్డు కంటే దాన్ని బిగించే పనే ఎక్కువ చేటు తెస్తుంది. గార్డు కాళ్లు ఛాసిస్‌కు చేరాలంటే కొన్ని ప్లాస్టిక్ భాగాలు విప్పాలి. వాటిలో రేడియేటర్ పక్కల ఉండే బ్యాఫిల్ పలకలు, బంపర్ కింద వేలాడే ఎయిర్ డ్యామ్ ముఖ్యమైనవి. చూడటానికి అలంకారంగా కనిపించే ఈ ఎయిర్ డ్యామ్ బండి కింద పీడనాన్ని తగ్గించి, రేడియేటర్ గుండా గాలిని లాగడానికి తోడ్పడుతుంది. బ్యాఫిల్ పలకలు లేకపోతే ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్‌లోకి పోకుండా పక్క సందుల్లోంచి తప్పించుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక వేడి గాలి అదే సందుల్లోంచి తిరిగి ముందుకు వస్తుంది. అడ్డొచ్చిందని ఎయిర్ డ్యామ్‌ను రంపంతో సగానికి కోసేసిన పనితనాన్ని నా కళ్లతో చూశాను. ఆ బండి వేసవిలో వేడెక్కితే నింద గార్డు గొట్టాల మీదికి పోయింది.

ఇంకా చిన్నవి కొన్ని ఉన్నాయి. గార్డు కాలికీ ఛాసిస్‌కూ మధ్య వైరింగ్ నలిగిపోవడం, ఇంటర్‌కూలర్ హోస్‌ను పక్కకు నెట్టి క్లాంప్ సరిగా బిగించకపోవడం, ముందు ఉన్న ఉష్ణోగ్రత సెన్సర్‌ను దాని చోటు నుంచి తప్పించి ఇంజిన్ వేడి తగిలేచోట వేలాడదీయడం. క్లాంప్ వదులైతే బూస్ట్ కారిపోయి, బూస్ట్ చాలడం లేదని చెప్పే పీ0299 కోడ్ వస్తుంది. సబ్బునీరు చల్లి, స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ కారుతుందో చూసే పరీక్ష) చేస్తే దొరికే ఈ లోపానికి టర్బో మార్పించుకున్నవారూ ఉన్నారంటే బాధ కలుగుతుంది.

అపోహ: ఇంటర్‌కూలర్ అడుగున చిన్న రంధ్రం వేస్తే, లేదా పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం వేసుకోవడం ఎకోబూస్ట్ యజమానుల్లో బాగా ప్రచారంలో ఉన్న చిట్కా. నీరు కొంత కారిపోతుందన్నది నిజమే. కానీ ఆ రంధ్రం నూనె జిడ్డుతో త్వరలోనే పూడుకుపోతుంది. పూడకపోతే ఐడిల్‌లో, అంటే బండి నిలిచి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, వడపోత లేని గాలి లోపలికి రావడానికి దారి అవుతుంది. నేను ఎవరికీ రంధ్రం వేయను. పెద్ద ఇంటర్‌కూలర్ బరువు లాగేవారికి మంచిదే, కానీ తేమ ప్రాంతంలో తేలికగా తిరిగే బండికి అది గాలిని మరింత చల్లబరచి మరింత నీరు చేరుస్తుంది. మీ లక్షణం ఏదో తేల్చుకోకుండా దాన్ని కొనకండి.

డీజిల్ పికప్‌లకు స్పార్క్ ప్లగ్ ఉండదు కనుక ఈ తరహా మిస్‌ఫైర్ వాటిలో కనిపించదు. ఫోర్డ్ 6.7 లీటర్ల పవర్‌స్ట్రోక్‌లోనైతే టర్బో గాలిని నీటితో చల్లబరుస్తారు. ఆ నీటిని చల్లబరిచే అదనపు రేడియేటర్ ముందు ఉంటుంది కాబట్టి దాని ముందు అడ్డు లేకుండా చూసుకుంటే చాలు.

అపోహ: గార్డు పెట్టిస్తే వారంటీ మొత్తం పోతుంది.

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ప్రకారం బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో వారంటీ నిరాకరించకూడదు. ఆ భాగం వల్లే లోపం వచ్చిందని తయారీదారు చూపాలి. పైన చెప్పిన ఉష్ణోగ్రతల నమోదు మీ చేతిలో ఉంటే ఆ వాదనలో మీకు ఆధారం ఉంటుంది.

అపోహ: ఇంజిన్‌కు హాని లేదని తేలితే గార్డు నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

గార్డు ఢీకొన్న దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లను సరిచూసినది గార్డు లేని బండి మీద. ముందు వాహనాన్ని బట్టి వేగం మార్చే అడాప్టివ్ క్రూయిజ్ రాడార్, పార్కింగ్ సెన్సర్ల ముందు గొట్టం వస్తే అవి తప్పుడు హెచ్చరికలు ఇస్తాయి, లేదా పనిచేయడం మానేస్తాయి.

ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ తయారయ్యేది మన శ్రీసిటీలోనే. దానికో, హైలక్స్‌కో ఇక్కడి తరహా గార్డు పెట్టించవచ్చా అని ఆంధ్ర, తెలంగాణల నుంచి బంధువులు ఫోన్లు చేసి అడుగుతుంటారు. భారతదేశంలో ఆ ప్రశ్న ఇంజిన్ దాకా రానే రాదు. పాదచారులకూ బండిలో ఉన్నవారికీ ప్రమాదమనీ, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమనీ చెబుతూ, బుల్ బార్లపై (ఇలాంటి గార్డులపై) చర్య తీసుకోవాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. కాబట్టి అక్కడివారికి నా జవాబు ఒక్కటే: పెట్టించవద్దు.

ఇక్కడ ఇప్పటికే గార్డు ఉండి, ఇంజిన్ ఇబ్బంది పెడుతున్నవారు మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు కొన్ని వివరాలు రాసుకుని వెళ్లండి. ఇబ్బంది వచ్చినప్పుడు వాన ఉందా, అంతకుముందు ఎంతసేపు ఒకే వేగంతో నడిపారు, వెనక ట్రెయిలర్ ఉందా, వణికిందా లేక మెల్లగా నీరసించిందా, ప్లగ్‌లు ఎన్ని మైళ్ల కిందట మార్చారు. గార్డు బిగించినప్పుడు విప్పి పక్కన పెట్టిన ప్లాస్టిక్ పలకలు గ్యారేజీలో పడి ఉంటే వాటిని కూడా తప్పకుండా వెంట తీసుకెళ్లండి.