ఇంటికి దొంగల అలారం పెట్టిస్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

అలారాలు బిగించడం నా పని. ఏ ఇంటికి వెళ్లినా, ఇంకా డబ్బా విప్పకముందే అవే మాటలు వినిపిస్తాయి. వాటికి నా జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నా.

అపోహ: కెమెరాలు ఉన్నాయిగా, మళ్లీ అలారం దండగ.

కెమెరా జరిగింది చూపిస్తుంది. మొహానికి గుడ్డ కట్టుకున్నవాడి వీడియోను మర్నాడు ఎన్నిసార్లు తిప్పి చూసినా పోయిన బంగారం తిరిగి రాదు. దొంగకు ముఖ్యంగా కావలసింది టైమ్, తలుపు కదలగానే సైరన్ మోగితే అదే వాడికి దొరకదు. మనిషిని గుర్తుపట్టి ఫోన్‌కు మెసేజ్ పంపే కెమెరాలు వచ్చాయి, నిజమే, కానీ అర్ధరాత్రి సైలెంట్‌లో పడున్న ఫోన్‌ను ఎవరు చూస్తారు? రెండూ పెట్టుకోగలిగితే మంచిదే. ఒక్కటే అంటే మాత్రం నా ఓటు అలారానికే.

అపోహ: గదికో మోషన్ సెన్సర్ పెడితే ఇక ఢోకా లేదు.

ఎక్కువమంది డబ్బు పోసేదీ, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. మామూలుగా వాడే పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) రకం మోషన్ సెన్సర్ తనంతట తాను ఏ కిరణాలూ పంపదు, మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి కోసం కాచుకుని ఉంటుంది. దాని ముందుండే ప్లాస్టిక్ లెన్స్ గదిని విసనకర్ర మడతల్లా పట్టీలు పట్టీలుగా విడదీస్తుంది. మనిషి ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి దాటినప్పుడు వేడిలో వచ్చే తేడాను అది పట్టుకుంటుంది. అందుకే అడ్డంగా నడిచేవాణ్ణి చటుక్కున పసిగడుతుంది, నేరుగా తన మీదికి వచ్చేవాణ్ణి ఆలస్యంగా గమనిస్తుంది. తలుపుకు సరిగ్గా ఎదురుగోడ మీద కాకుండా, వచ్చేవాడు దాని ముందు నుంచి అడ్డంగా దాటక తప్పని మూల చూసి, రెండు మీటర్లకు కాస్త పైన బిగించాలి.

మామూలు గాజు ఆ వేడి కిరణాలను ఆపేస్తుంది కాబట్టి కిటికీ బయట నిలబడ్డ మనిషి దీనికి కనబడడు. అలాగని కిటికీకి ఎదురుగా పెట్టొచ్చనుకోకండి, ఎండకు వేడెక్కిన కర్టెన్ గాలికి ఊగితే చాలు, దొంగ లేకుండానే మోగుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు, స్టవ్ కనబడే చోటు కూడా వద్దు. లెన్స్ మీద సాలీడు పాకినా మోగుతుంది, అందుకని అప్పుడప్పుడు తుడుస్తూ ఉండాలి. ఇంకోటి, గది వేడి ఒంటి వేడికి దగ్గరపడితే తేడా తెలియక సెన్సర్ మందగిస్తుంది. ఎండాకాలంలో మూసి ఉన్న ఇంట్లో ఇది జరిగేదే, అందుకే టెంపరేచర్ కాంపెన్సేషన్ (గది వేడిని బట్టి తనను తానే సర్దుకోవడం) ఉన్న రకం అడిగి మరీ తీసుకోండి.

అసలు మోషన్ సెన్సర్ మోగిందంటే మనిషి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు. పైగా మీరు లోపల పడుకున్నప్పుడు వాటిలో చాలావాటిని ఆపుకోవాల్సిందే. అందుకే ముందు తలుపులకు, కిటికీలకు మాగ్నెట్ సెన్సర్లు (తలుపు తెరుచుకుని మాగ్నెట్ దూరం జరగగానే మోగించేవి), ఆ తర్వాతే ఇవి. తలుపు ఇనుపదైతే మామూలు మాగ్నెట్ బలం తగ్గిపోతుంది, దానికి వేరే రకం ఉంటుంది.

అపోహ: పెట్ ఇమ్యూన్ (పెంపుడు జంతువులకు మోగని) సెన్సర్ పెట్టించాం, పిల్లి సంగతి మర్చిపోవచ్చు.

నేల మీద తిరిగినంతసేపు పర్వాలేదు. సోఫా ఎక్కి అక్కణ్ణుంచి అల్మరా మీదికి దూకిందా, సెన్సర్‌కు అది మనిషి కింద లెక్కే.

అపోహ: వైర్‌లెస్ అంటే బొమ్మ, వైరుదే గట్టిది.

ఇల్లు కట్టేటప్పుడే అయితే నేనూ వైరే వేయమంటాను. కట్టేసిన ఇంట్లో గోడలు పగలగొట్టించుకోనక్కర్లేదు, మంచి వైర్‌లెస్ చాలు. కాకపోతే మరీ చవకరకం వాటిలో రిమోట్ ప్రతిసారీ ఒకే కోడ్ పంపుతుంది, దాన్ని దొంగచాటుగా పట్టి మళ్లీ వదిలితే అలారం ఆఫ్ అయిపోతుంది. రోలింగ్ కోడ్ (ప్రతిసారీ మారిపోయే కోడ్) ఉందా, సెన్సర్ పలకడం మానేసినా సిగ్నల్‌ను ఎవరైనా జామ్ చేసినా ప్యానెల్‌కు, అంటే అలారం మొత్తాన్ని నడిపే మెయిన్ డబ్బాకు, తెలుస్తుందా అని అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే ఇంకో షాపు చూసుకోండి.

అపోహ: లోపల బ్యాటరీ ఉందిగా, కరెంటు పోయినా టెన్షన్ లేదు.

ఉంది, కానీ బతికే ఉందా? ప్యానెల్‌లో ఉండే సీల్డ్ బ్యాటరీలు సుమారు 3 నుంచి 5 ఏళ్లకు చచ్చిపోతాయి, ఆ సంగతి చాలామందికి కరెంటు పోయిన రోజునే తెలుస్తుంది. బ్యాటరీ బాగానే ఉన్నా రౌటర్ ఆగిపోతే వైఫై ఒక్కదాన్నే నమ్ముకున్న అలారం మీకు కబురు పంపలేదు. సిమ్ ఉన్నది తీసుకోండి, తీసుకున్నాక దానికి రీచార్జ్ చేయడం మర్చిపోకండి! నేను చూసిన మూగ అలారాల్లో సగం జబ్బు ఈ రీచార్జే.

తలుపు తీశాక కోడ్ కొట్టడానికి ఇచ్చే గడువు 30 సెకన్లుంటే చాలు, రెండు నిమిషాలు పెట్టమనేవాళ్లు దొంగకే ఆ రెండు నిమిషాలు ఇస్తున్నారు. కీప్యాడ్ గుమ్మం దగ్గరున్నా ఫర్వాలేదు గానీ మెయిన్ ప్యానెల్, సైరన్ చేతికందే చోట ఉండకూడదు. బిగించడం అయ్యాక, పనివాడు ఇంకా అక్కడుండగానే, ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, అలారం ఆన్ చేసి, ఒక్కో తలుపూ తెరిపించి, ఒక్కో గదిలో నడిచి చూడండి, ఫోన్‌కు కాల్ వచ్చిందో లేదో కూడా చూసుకోండి. కంపెనీ నుంచి వచ్చిన ఇన్‌స్టాలర్ కోడ్ (బిగించేవాళ్లు సెట్టింగులు మార్చడానికి వాడేది) మీ కళ్లముందే మార్పించాకే మిగతా డబ్బు చేతిలో పెట్టండి.