నీళ్ళ జమాఖర్చులు

తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఈమధ్య నన్ను నిలదీసింది. "నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతాయని పుస్తకంలో ఉంది. మరి తడి బట్టలు 30 డిగ్రీలకే ఎలా ఆరిపోతున్నాయి? మా సార్‌ని అడిగితే అది బాష్పీభవనం అన్నారు. పేరు చెప్తే జవాబు చెప్పినట్టేనా అండీ?"

కాదమ్మా. పేరు పేరే, జవాబు జవాబే. కానీ ఆ సార్‌ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. నేను బడిలో ఉన్నప్పుడు "బాష్పీభవనానికీ మరగడానికీ తేడాలు రాయుము" అన్న ప్రశ్నకి పేజీ మధ్యలో నిలువు గీత కొట్టి, అటు నాలుగూ ఇటు నాలుగూ రాసి, పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. బాష్పీభవనం ఉపరితలం మీద జరుగును, మరగడం ద్రవమంతటా జరుగును... ఇప్పటికీ నోటికి వచ్చు. ఎందుకలా జరుగునో మాత్రం పదేళ్ళ తర్వాత గానీ బుర్రకెక్కలేదు.

ఘన, ద్రవ, వాయు స్థితుల బొమ్మలు, చుక్కలు దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, మీరు చూసే ఉంటారు. వాటిని వదిలేస్తున్నాను. సూటిగా ఒక సీసా నీళ్ళ దగ్గరకి వెళదాం.

మూత పెట్టిన సీసాలో సగం దాకా నీళ్ళున్నాయి. ఏడాది తర్వాత చూసినా సగమే ఉంటాయి. చూసేవాళ్ళకి అక్కడ ఏమీ జరగడం లేదు. నిజానికి అది బ్యాంకు పాస్‌బుక్‌లో చివరి అంకె ఒక్కటే చూడటం లాంటిది. నిన్న వెయ్యి, ఇవాళా వెయ్యి. అంతమాత్రాన ఖాతా కదల్లేదని కాదు. పొద్దున కోటి వచ్చి, సాయంత్రానికి కోటి పోయి ఉండొచ్చు. నీటి ఉపరితలం అచ్చంగా అలాంటి ఖాతా. అణువులు నీళ్ళలోంచి పైకి ఎగిరిపోతుంటాయి, అది ఖర్చు. పైనున్న ఆవిరిలోంచి అణువులు వచ్చి నీళ్ళకి తగిలి అతుక్కుపోతుంటాయి, అది జమ. మన కంటికి ఆనేది నిల్వ ఒక్కటే.

ఎంత లావాదేవీ జరుగుతోందో లెక్క వేయొచ్చు. 25 డిగ్రీల దగ్గర ఆవిరిలోని నీటి అణువు సగటున సెకనుకి 590 మీటర్ల వేగంతో పరిగెడుతుంది. మూసిన సీసాలో ఒక్క చదరపు సెంటీమీటరు నీటి ఉపరితలాన్ని సెకనుకి ఎన్ని అణువులు గుద్దుకుంటాయంటే, ఒకటి పక్కన ఇరవైరెండు సున్నాలు. సంఖ్య పెద్దది కాబట్టి ఏమీ అనిపించదు. బరువులోకి మార్చండి. దాదాపు 0.34 గ్రాములు! నిల్వ మారడం లేదు కాబట్టి, తగిలినవన్నీ అతుక్కుంటాయనుకుంటే, అంతే బరువు పైకీ ఎగురుతుండాలి. పది సెంటీమీటర్ల లోతున్న నీళ్ళలో ఉన్నన్ని అణువులు అర నిమిషంలో పైకి వెళ్ళి, అన్నే తిరిగి వస్తున్నాయి. తగిలిన వాటిలో పదోవంతే అతుక్కుంటాయని పిసినారిగా లెక్క కట్టినా ఐదు నిమిషాలు. టేబుల్ మీద కదలకుండా కూర్చున్న ఆ సీసా గురించే మాట్లాడుతున్నాను. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు ఎక్కడో దశాంశ బిందువు తప్పేశాననుకుని మూడుసార్లు మళ్ళీ చేశాను.

ఈ రాకపోకలు సమానమైన స్థితిని గతిక సమతాస్థితి అంటారు. అప్పుడు ఆవిరి కలగజేసే ఒత్తిడే బాష్ప పీడనం. నీటికి అది 20 డిగ్రీల దగ్గర 17.5 మిల్లీమీటర్ల పాదరసం (ఒత్తిడిని అది నిలబెట్టగల పాదరసం ఎత్తుతో కొలుస్తారు), 30 దగ్గర 31.8, 50 దగ్గర 92.5, 100 దగ్గర 760. మళ్ళీ చూడండి, ఉష్ణోగ్రత పెరిగిన తీరు వేరు, పీడనం పెరిగిన తీరు వేరు. ఇక్కడే అసలు కథ.

నీటి అణువు పైకి ఎగరాలంటే పక్కవాళ్ళని వదిలించుకోవాలి. ఒక్కో అణువునీ చుట్టుపక్కల అణువులు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి, నాలుగు వైపుల దాకా. ఒక మోల్ నీళ్ళని, అంటే 18 గ్రాములని, 25 డిగ్రీల దగ్గర ఆవిరి చేయడానికి 44 కిలోజౌళ్ళు కావాలి. అదే ఉష్ణోగ్రతలో అణువుల మధ్య చేతులు మారుతుండే వేడికి కొలమానం మోల్‌కి రెండున్నర కిలోజౌళ్ళు. చేతిలో ఆడేది రెండున్నర రూపాయలు, టికెట్టు 44 రూపాయలు. మరి బండి ఎవరు ఎక్కుతున్నారు?

డబ్బు అందరి దగ్గరా సమానంగా ఉండదు కదా! ఉష్ణోగ్రత అనేది సగటు మాత్రమే. గుద్దుకోవడాల్లో ఒక అణువు శక్తి పోగొట్టుకుంటుంది, ఇంకొకటి కొట్టేస్తుంది. వరసగా పదిసార్లు అదృష్టం కలిసొచ్చిన అణువు ఎక్కడో ఒకటి ఉంటుంది. అలాంటివి ఎన్ని ఉంటాయో లెక్కకట్టే దారి చూపింది భౌతిక శాస్త్రవేత్తలు మాక్స్‌వెల్, బోల్ట్‌జ్‌మన్. గీటురాయి ఇది: 44ని 2.48తో భాగిస్తే 17.7. ఇప్పుడు 2.718 అనే సంఖ్యని 17.7 ఘాతానికి హెచ్చించి, ఒకటిని దానితో భాగించండి. వచ్చేది పది కోట్లలో 2. అంటే ఏ క్షణంలో చూసినా టికెట్టు డబ్బులున్నవి పది కోట్ల అణువుల్లో ఇంచుమించు రెండు. ఇది ముతక లెక్కే, ఎగిరే అణువు ఉపరితలం మీద ఉండాలి, సరైన దిక్కుకి కదలాలి, అవన్నీ ఇందులో లేవు. అయినా దీని సత్తా చూడండి. 100 డిగ్రీల దగ్గర ఇదే లెక్క వేస్తే, చేతిలో ఆడేది 3.1, భాగఫలం 14.2, పది కోట్లలో సుమారు 70. మొదటి దానికి 35 రెట్లు. నిజంగా కొలిచిన బాష్ప పీడనం ఎన్ని రెట్లు పెరిగింది? 25 డిగ్రీల దగ్గరి 23.8 నుంచి 100 దగ్గరి 760కి, అంటే 32 రెట్లు. కాగితం మీద రెండు నిమిషాల లెక్కకి ఇంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అణువుల సగటు శక్తి పెరిగింది పాతిక శాతమే. ఎగిరే అణువులు 35 రెట్లయ్యాయి. ఎందుకంటే బాష్పీభవనం సగటు మనుషుల పని కాదు, కొసన ఉన్న అతికొద్దిమంది శ్రీమంతుల పని. సగటు కాస్త జరిగితే కొస చాలా మారుతుంది. రసాయన చర్యలు వేడి చేస్తే ఎందుకు అంత వేగం అందుకుంటాయన్నదానికి కూడా మూలం ఇదే లెక్క. బోల్ట్‌జ్‌మన్ 1906లో చనిపోయాడు. అణువులనేవి నిజంగా ఉన్నాయా అని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే సందేహించిన రోజులవి. వియన్నాలో ఆయన సమాధి మీద ఇప్పుడు ఆయన పేరుతో పాటు ఒక సూత్రం చెక్కి ఉంది, ఎంట్రపీది, అంటే అణువులు ఎన్ని రకాలుగా సర్దుకోగలవో కొలిచే రాశిది.

ఇక బట్టలు. 30 డిగ్రీల దగ్గర కూడా ఖర్చు ఆగదు, కాబట్టి బట్టలు ఆరడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు. జమ తక్కువైతే చాలు. గాలిలో ఆర్ద్రత 60 శాతం అంటే అర్థం ఇదే: నీళ్ళూ గాలీ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే, వంద అణువులు వెళ్ళే వేళకి ఆ గాలిలోంచి తిరిగొచ్చేవి 60. ముసురు పట్టిన రోజున తొంభై అయిదు తిరిగొస్తాయి. బట్ట ఆరదు, ముక్క వాసన వస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మూత లేని గ్లాసులో నీళ్ళు రోజుకి 3 మిల్లీమీటర్లు తగ్గాయనుకుందాం. ఇందాకటి లెక్క ప్రకారం ఖర్చు ఒక్కటే జరిగి, జమ అసలే లేకపోతే రోజుకి 290 మీటర్ల నీళ్ళు పోవాలి! అంటే వెళ్ళిన ప్రతి లక్షలో 99,999 వెనక్కి వచ్చేస్తున్నాయన్నమాట. ఎందుకంటే ఎగిరిన అణువు దూరం పోలేదు. గాలి అణువుల గుంపులో దారి దొరక్క, అటూ ఇటూ తగులుకుంటూ అక్కడక్కడే తిరిగి మళ్ళీ నీళ్ళలోనే పడుతుంది. నీటిని ఆనుకుని ఆవిరితో కిక్కిరిసిన సన్నటి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఫ్యాను చేసే పని ఆ పొరని ఊడ్చేయడం. ఖర్చుని పెంచదు, జమని కొల్లగొడుతుంది. బట్టని దులిపి, విడదీసి ఆరేయమని పెద్దవాళ్ళు చెప్పేదీ ఇదే.

"గాలి స్పాంజిలాగా తేమని పీల్చుకుంటుంది" అని చాలామంది చెబుతారు, టీచర్లు కూడా. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గాలి ఏమీ పీల్చుకోదు. 1801 ప్రాంతంలో జాన్ డాల్టన్ చేసిన ప్రయోగాలు తేల్చింది అదే: గాలి ఉన్నా లేకపోయినా, శూన్యంలోనైనా సరే, ఒక ఉష్ణోగ్రతలో నీటి ఆవిరి చివరికి చేరే పీడనం ఒకటే. గాలి అడ్డం పడి ఆలస్యం చేస్తుందే గానీ చోటివ్వడం దాని చేతిలో లేదు.

పద్దు తిరగబడితే ఏమవుతుంది? 30 డిగ్రీల గది, ఆర్ద్రత 60 శాతం. ఆవిరి ఒత్తిడి 19 మిల్లీమీటర్లు. అందులో 10 డిగ్రీల చల్లటి గ్లాసు పెట్టండి. ఆ గ్లాసు మీద ఒక నీటి పొర ఏర్పడితే దాని ఖర్చు 9 మిల్లీమీటర్ల పాటిదే, జమ మాత్రం 19 పాటిది. నిమిషంలో గ్లాసుకి చెమట పడుతుంది. ఎక్కడైనా రాతి విగ్రహానికి చెమట పట్టిందంటే కీడు సూచన అని గుమిగూడే జనం ముందు ఆ రాయినీ చుట్టూ ఉన్న గాలినీ థర్మామీటరుతో కొలవాలి. రాత్రి చల్లబడిన బండ మీదకి తెల్లవారి తేమగాలి తగిలితే దేవుడికైనా, మెట్టుకైనా ఒకటే చెమట.

మన చెమట లెక్క వేరు. ఎగిరిపోయేవి శ్రీమంతులు కాబట్టి, మిగిలినవాళ్ళ సగటు పడిపోతుంది. ఒక్క గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ళు పోతాయి. వంద గ్రాముల నీళ్ళని దాదాపు 6 డిగ్రీలు చల్లబరచడానికి అది చాలు.

మరయితే మరగడం ఏమిటి? 100 డిగ్రీలకి ఉన్న విశేషం ఏమిటి? నీళ్ళకి సంబంధించినంత వరకు ఏ విశేషమూ లేదు. నీటి లోపల ఒక ఆవిరి బుడగ పుట్టిందనుకోండి. లోపలి నుంచి ఆవిరి తోస్తుంది, బయటి నుంచి వాతావరణం నొక్కుతుంది. 25 డిగ్రీల దగ్గర లోపలి వాడి బలం 24 మిల్లీమీటర్లు, బయటి వాడిది 760. బుడగ పుట్టకముందే చస్తుంది. ఖర్చంతా ఉపరితలం మీద జరగాల్సిందే. 100 దగ్గర ఇద్దరి బలమూ సమానం. బుడగ బతికి బట్టకడుతుంది, నీళ్ళలో ఎక్కడ చూసినా కొత్త ఉపరితలమే. నేను నోటికి అప్పజెప్పిన "ఉపరితలం, ద్రవమంతటా" అన్న తేడా వెనక ఉన్నది ఈ తోపులాటే. బయటి వాడి బలం తగ్గితే మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది. ఎవరెస్టు కొస మీద నీళ్ళు 70 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి 120 దాకా మరగవు.

సూది లేని సిరంజిలోకి 60 డిగ్రీల వేడినీళ్ళు కొద్దిగా తీసుకుని, మూతిని వేలితో మూసి, పిస్టన్‌ని గట్టిగా వెనక్కి లాగండి. 100 డిగ్రీలకి ఇంకా చాలా దూరంలో ఉన్న నీళ్ళు మీ చేతిలోనే కళపెళ ఉడుకుతాయి. మొదట వచ్చే బుడగల్లో కరిగి ఉన్న గాలి కూడా ఉంటుంది, అదొక్కటి గుర్తుంచుకోండి.

ఇదంతా విని ఆ అమ్మాయి ఊరుకోలేదు. "మూత పెట్టిన సీసాలో రాకపోకలున్నాయని మీరంటున్నారు. నాకేం కనిపించడం లేదుగా!" అంది. మంచి మాట. దానికి నేను చేసి చూసింది చెప్పాను.

గాలి చొరబడని డబ్బాలో రెండు చిన్న గిన్నెలు పక్కపక్కనే పెట్టాను. ఒకదానిలో ఉత్త నీళ్ళు, ఇంకోదానిలో ఇక కరగనంత ఉప్పు వేసిన నీళ్ళు, అడుగున ఉప్పు మిగిలేలా. ఉప్పు అయాన్లు నీటి అణువులని పట్టి ఉంచుతాయి కాబట్టి ఈ రెండో గిన్నె ఖర్చు తక్కువ, ఉత్త నీళ్ళు వంద పంపితే ఇది 75. (గాలిలో ఆర్ద్రత 75 శాతం దాటితే ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే.) గీతలు గీసి మూత పెట్టాను. మొదటిసారి మూత సరిగా బిగించలేదు, రెండు గిన్నెలూ తగ్గాయి, రెండు వారాలు వృథా. రెండోసారి టేపు చుట్టి నెల రోజులు ముట్టుకోలేదు. తెరిస్తే ఉత్త నీళ్ళు గీతకి దాదాపు అర సెంటీమీటరు కిందికి దిగి ఉన్నాయి. ఉప్పునీళ్ళు ఇంచుమించు అంతే పైకి లేచి ఉన్నాయి. మధ్యలో డబ్బా అడుగు పొడిగా ఉంది.

ఆ అమ్మాయి ఇంట్లో ఇప్పుడు టేపు చుట్టిన డబ్బా ఒకటి ఉందట. తనది మూడు గిన్నెల డబ్బా. మూడోదానిలో పంచదార నీళ్ళు పోసిందట. దేనిలో ఎంత పెరుగుతుందో ముందే ఊహించి కాగితం మీద రాసి, మడిచి, డబ్బా మూతకి అంటించింది.